డ్రీమా మానేసిన కషాయం

డ్రీమా కాడిల్ ముప్పై ఒక్క ఏళ్ళపాటు ఉత్తరాలు పంచింది. కొండల మధ్య లోయలో పారే లారెల్ ఫోర్క్ వాగు పొడుగునా, దాని పక్కనుంచి చీలిపోయే పిల్లవాగుల పొడుగునా, మొత్తం నాలుగువందల పన్నెండు ఉత్తరాల పెట్టెలు. ఒకరి ఉత్తరం ఇంకొకరి పెట్టెలో వేసిందన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఆ లోయలో పేరూ ఇంటిపేరూ రెండూ కలిసే మనుషులు ఐదుగురున్నారు. అందులో ఇద్దరికి పదిహేనేళ్ళుగా మాటల్లేవు. ఒకరి పింఛను కాగితం ఇంకొకరి చేతిలో పడిందంటే చాలు, ఆ ఏడాదంతా చర్చిలో అదే గొడవ. అలాంటి చోట మాట పడకుండా నెట్టుకురావడం తమాషా కాదు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, పంతం అంతకంటే పెద్దది.

రిటైరైన ఏడాదికే, యాభై తొమ్మిదో ఏట, ఆమెకి పెద్దపేగులో క్యాన్సర్ బయటపడింది. బయటపడేసరికే లివర్‌కి పాకింది. కోసి తీయడానికి వీల్లేని చోట మూడు గడ్డలు. మొదటి కీమో పది నెలలు పనిచేసి ఆగిపోయింది. రెండోది ఐదు నెలలకే చేతులెత్తేసింది. ఫిబ్రవరిలో స్కాన్ చూసి, పక్క ఊళ్ళో ఉండే క్యాన్సర్ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మంచివాడే పాపం, రోజుకి నలభై మందిని చూసే మనిషి.

"ఇంకో మందుంది కానీ, దానిమీద పెద్ద ఆశ పెట్టుకోకండి డ్రీమా గారూ. క్లినికల్ ట్రయల్ ఏదైనా దొరుకుతుందేమో చూడాలి," అన్నాడు.

"ఎవరు చూడాలి?" అంది డ్రీమా.

డాక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను చూస్తాను. మీరూ చూడండి."

ఆయన చూస్తాననడంలో అబద్ధం లేదు. కానీ నలభై మంది మధ్య తన వంతు ఎప్పుడొస్తుందో డ్రీమాకి తెలుసు. బయట బండిలో మొగుడు హోబర్ట్ ఎదురుచూస్తున్నాడు. బొగ్గుగనిలో ఇరవై ఆరేళ్ళు చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి, నాలుగు మాటలకి ఒకసారి దగ్గుతాడు. సంగతి విని కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

"ట్రయలంటే ఎలుకల మీద చేసేది కదే. నిన్ను బోనులో పెడతారా ఏంటి?"

"పెడితే పెట్టనీ. పొద్దున్నే నీ ముఖం చూసే బాధ తప్పుతుంది," అంది డ్రీమా. ఇద్దరూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ ఒకచోట రాసిపెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ ఒకటుంది. అందులో తన జబ్బు పేరు కొట్టింది. వెయ్యికి పైగా వచ్చాయి. ఒక్కోటీ నాలుగైదు పేజీలు, ఒక్కో పేజీలో నోరు తిరగని మాటలు వంద. ఇంకొకరైతే అక్కడే లేచి వెళ్ళిపోయేవారు. డ్రీమాకి మాత్రం అది క్రిస్మస్ ముందు వారం పోస్టాఫీసులా కనిపించింది. గుట్టలు చూసి గుండెలు బాదుకుంటే పని కాదు, గూళ్ళలో పడెయ్యడం మొదలుపెట్టాలి.

ఆ గూళ్ళు నిజంగానే ఆమె దగ్గర ఉన్నాయి. పోస్టాఫీసులో కొత్త ఇనప గూళ్ళు పెట్టినప్పుడు పాత చెక్క గూళ్ళని బయట పారేస్తుంటే, హోబర్ట్ చేత మోయించి వెనక వసారాలో పెట్టించుకుంది. ఇన్నాళ్ళూ వాటిలో విత్తనాల పొట్లాలూ పాత సీసా మూతలూ ఉండేవి. అవన్నీ బయటికి లాగి, తడిగుడ్డతో తుడిచి, లైబ్రరీలో ప్రింటు తీయించిన అరవై ట్రయల్స్ కాగితాలు పట్టుకుని దాని ముందు నిలబడింది. ఒక్కో గూటికి ఒక చీటీ. ఇంకా ఏ మందూ మొదలుపెట్టని వాళ్ళకి కావలసినవి ఒక గూట్లో. ఆపరేషన్ అయి గడ్డ లేకుండా పోయిన వాళ్ళవి ఇంకో గూట్లో. బండిమీద పోలేనంత దూరానివి కింద వరసలో. "నాకు రావచ్చు" అని రాసిన గూడు మాత్రం సరిగ్గా కళ్ళ ఎత్తున పెట్టుకుంది.

మూడు రోజుల తర్వాత ఆ గూట్లో ముప్పై ఎనిమిది కాగితాలు మిగిలాయి. అక్కడ బండి ఆగిపోయింది. ప్రతిదాంట్లోనూ ఏదో ఒక జన్యువు మార్పు ఉండాలనో, ఉండకూడదనో రాసి ఉంది. తనకి ఏముందో, ఏం లేదో తనకే తెలియదు. క్యాన్సర్ రోగుల కోసం పెట్టిన ఉచిత ఫోన్ నంబరుకి చేసింది. అటువైపు ఆవిడ ఓపిగ్గా అంతా విని, "మీ గడ్డ ముక్కకి జన్యు పరీక్ష చేసిన రిపోర్టు మీ దగ్గర ఉందా అమ్మా?" అని అడిగింది.

"అలాంటిదొకటి ఉంటుందా?"

"చేసే ఉంటారు. అడిగి తెచ్చుకోండి. అది మీ హక్కు."

డ్రీమాకి ఒళ్ళు మండింది. చిరునామా లేని ఉత్తరాన్ని మూడు రోజులుగా ఇల్లిల్లూ తిప్పుతున్నట్టయింది. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని తిన్నగా క్లినిక్‌కి వెళ్ళింది. ముందు బల్ల దగ్గరి అమ్మాయి, "డాక్టరు గారు వచ్చేవారం రమ్మన్నప్పుడు అడగండి ఆంటీ," అంది.

"నేను కూర్చుంటానమ్మా. రిటైరైపోయాను, నాకేం తొందర్లేదు," అని కుర్చీ లాక్కుని కాఫీ పోసుకుంది. ఒక గంటకి ఆ అమ్మాయే లేచి వెళ్ళి పదకొండు పేజీల రిపోర్టు తెచ్చి చేతిలో పెట్టింది. మూడో పేజీలో, కేరాస్ అనే జన్యువులో ఒక అరుదైన మార్పు ఉందని రాసి ఉంది. పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళలో నూటికి ముగ్గురికో నలుగురికో ఉండే మార్పు. ఏడాదిన్నరగా ఆ కాగితం ఆమె ఫైలులో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది.

అడ్రసు దొరికాక ఇంకేం, ఆమెని ఆపేదెవరు? ముప్పై ఎనిమిది ఏడయ్యాయి. ఏడింటికీ ఫోన్లు చేసింది. వెబ్‌సైట్‌లో తలుపు తెరిచి ఉందని రాసిన రెండు, ఫోన్ చేస్తే ఎప్పుడో మూసేశామన్నాయి. ఒకటి కాలిఫోర్నియాలో. ఇంకొకటేమో, రెండు కీమోలు అయిపోయినవాళ్ళని తీసుకోదు. అలా రాలిపోగా చివరికి ఒకే ఒక్కటి నిలబడింది. లెక్సింగ్‌టన్‌లో, రెండున్నర గంటల దారి. ఆ జన్యువు మార్పుని పట్టుకుని అడ్డుకునే మాత్ర.

ఆ ట్రయల్ చూసుకునే నర్సు పేరు ఇవెట్. మొదటి రోజే డ్రీమా ఆవిడ ముందు ప్రశ్నలు రాసుకున్న పుస్తకం తెరిచింది. మొదటి ప్రశ్న హోబర్ట్‌ది. "సగంమందికి పంచదార బిళ్ళలిచ్చి పంపేస్తారట కదా?"

"ఇందులో అది లేదు డ్రీమా గారూ. చేరినవాళ్ళందరికీ అసలు మందే," అంది ఇవెట్. "మొదటి దశలో ఎంత మోతాదు ఒంటికి పడుతుందో చూశారు. ఇప్పుడు రెండో దశ. గడ్డ తగ్గుతుందా లేదా అన్నది చూస్తున్నాం. కొందరికి తగ్గింది, కొందరికి తగ్గలేదు. మీకు తగ్గుతుందని నేను మాటివ్వలేను. మీకు వద్దనిపిస్తే ఏ రోజైనా మానెయ్యచ్చు, ఎందుకని కూడా ఎవరూ అడగరు."

మాటివ్వలేను అన్న మాట డ్రీమాకి నచ్చింది. తియ్యగా మాట్లాడేవాళ్ళంటే ఆమెకి ముందునుంచీ అనుమానమే. ముప్పై నాలుగు పేజీల ఒప్పుకోలు కాగితం ఇంటికి తెచ్చుకుని రెండుసార్లు అక్షరం పొల్లుపోకుండా చదివి, పెన్సిల్‌తో ఇరవై చోట్ల గీతలు గీసి, అవన్నీ అడిగి తేల్చుకుని, అప్పుడు సంతకం పెట్టింది. స్కాన్ తీశారు, రక్తం తీశారు. లివర్ పనితీరు చెప్పే లెక్క, ట్రయల్‌లో చేర్చుకోవడానికి పెట్టిన గీతకి కాస్త లోపలే ఉంది. ఇవెట్ ఒక పొడుగాటి జాబితా ముందు పెట్టుకుని వరసగా అడిగింది. బీపీ మందులు? విటమిన్లు? మూలికలు, ఆకుపసర్లు ఏమైనా?

"అబ్బే, ఏం లేవమ్మా," అంది డ్రీమా.

వచ్చే బుధవారం మొదటి మాత్ర అన్నారు. ఈ ట్రయల్‌లో దేశం మొత్తమ్మీద ఇంకా రెండే చోట్లు మిగిలాయని కూడా ఇవెట్ చెప్పింది.

ఇక్కడ డ్రీమా అబద్ధమాడిందని అనుకుంటే పొరపాటే. ఆమె దృష్టిలో ఆమె చెప్పింది పచ్చి నిజం. పొద్దున్నే ఆమె తాగే కషాయం ఆ జాబితాలో ఎక్కడ చేరుతుందని ఆమెకి తట్టనేలేదు.

డ్రీమా తల్లి గార్నెట్ పక్కనే, గట్టుమీది ఇంట్లో ఉంటుంది. ఎనభై మూడేళ్ళ మనిషి. కొండ నీడపట్టున ఒక చిన్న మొక్క పెరుగుతుంది, దాని వేరు విరిస్తే లోపల పసుపచ్చగా ఉంటుంది, నాలికమీద పెడితే ప్రాణం లేచొచ్చేంత చేదు. ఆ వేరు తవ్వి, ఎండబెట్టి, ముక్కలు కొట్టి, నీళ్ళలో మరిగించి ఫ్లాస్కులో పోసుకుని గార్నెట్ రోజూ పొద్దున్నే గట్టు దిగుతుంది. డ్రీమాకి పళ్ళు రాకముందు నుంచీ అదే అలవాటు. కడుపునొప్పికి అదే, నోటిపూతకి అదే. కీమోతో నోరంతా పుండైపోయి మంచినీళ్ళు కూడా దిగని రోజుల్లో డ్రీమాకి ఊరటనిచ్చింది ఆ చేదు నీళ్ళే. దాన్ని మందంటే గార్నెట్టే ఒప్పుకోదు. అది పొద్దుట తాగేది, అంతే.

ఆ ఇంట్లో ఇంకో సంగతి కూడా ఉంది. డ్రీమాకి ఆరేళ్ళప్పుడు ఆమె తమ్ముడికి వారం రోజులు జ్వరం తగ్గకపోతే, గార్నెట్ వాణ్ణి చంకనేసుకుని నాలుగు మైళ్ళు నడిచి గని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పట్నం నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, ఇంట్లో ఏమైనా పట్టావా అని అడిగాడు. గార్నెట్ చెప్పింది. అతను పక్క గదిలోంచి ఇద్దర్ని పిలిచి, "మళ్ళీ చెప్పు, వీళ్ళు కూడా వింటారు," అన్నాడు. ముగ్గురూ పడీపడీ నవ్వారు. పిల్లాడికి జ్వరం తగ్గింది గానీ ఆ నవ్వు గార్నెట్‌కి తగ్గలేదు. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో ఒకటే కట్టు: వంటింటి సంగతులు డాక్టర్ల దగ్గర ఎత్తకూడదు. ఆ లోయలో సగం ఇళ్ళలో ఇలాంటి కట్టే ఉంది, ఎవరి ఇంటి నవ్వు వాళ్ళకుంది. డ్రీమాకి అది ఎంత వంటబట్టిందంటే, ఇవెట్ అడిగినప్పుడు దాచుతున్నానన్న స్పృహ కూడా లేదు.

శుక్రవారం మధ్యాహ్నం, చిక్కుళ్ళ కూర పొయ్యి మీద పెట్టి, ఆ ముప్పై నాలుగు పేజీలు మూడోసారి ముందేసుకుంది. సంతకం అయిపోయాక ఎందుకే చదవడం అని హోబర్ట్ ఎగతాళి చేశాడు. "సంచీ ఖాళీ అయ్యాక కూడా అడుగున చెయ్యి పెట్టి చూస్తాం. ఒక్కోసారి ఒకటి అంటుకుని ఉంటుంది," అంది. ఇరవై రెండో పేజీలో అంటుకునే ఉంది. ఈ మాత్ర వేసుకునే రోజుల్లో, అంతకు పద్నాలుగు రోజుల ముందు నుంచీ, తీసుకోకూడనివని ఒక వరస. అందులో బత్తాయిలాంటి ఒక పండు, కొన్ని మందులు, ఆ తర్వాత కొన్ని వేళ్ళూ ఆకులూ. ఒక వేరు పక్కన, కొండ ప్రాంతాల్లో కషాయంగా తాగుతారు, లోపల పసుపచ్చగా ఉంటుంది అని కూడా రాసి ఉంది. ముందు రెండుసార్లు అదే వాక్యం మీద ఆమె కళ్ళు జారిపోయాయి. ఎవరో మందులు తినేవాళ్ళ సంగతి అనుకుంది.

ఆ పొద్దున్న తాగిన గ్లాసు ఇంకా కడగకుండా తొట్టిలోనే ఉంది.

హోబర్ట్ ఆ పేజీ తీసుకుని రెండుసార్లు చదివాడు. "ఇందులో అంత కంగారేముంది? ఇవాళ్టి నుంచి మానెయ్. బుధవారం వెళ్ళి మాత్ర వేసుకో. నేను చెప్పను, మీ అమ్మ ఎలాగూ చెప్పదు. ఎవరికి తెలుస్తుందే?"

"పద్నాలుగు రోజులని రాశారు. నాకు ఐదు రోజులే ఉంది."

"ఉన్నవి రెండే చోట్లు అన్నావు కదా! దేశం మొత్తమ్మీద రెండు! నువ్వు ఫోన్ చేశావంటే ఆ చోటు ఇంకెవరో ఎగరేసుకుపోతారు. అప్పుడేం చేస్తావ్? ఆ చెక్క గూళ్ళ ముందు మళ్ళీ నిలబడతావా?" దగ్గు తెర ఆగాక అతని గొంతు పూర్తిగా మారిపోయింది. "నాకు భయంగా ఉందే."

"నాకు లేదా?" అంది డ్రీమా. ఆమెకి బతకాలని ఉంది. ఆ మాత్ర ఇంకో ఏడాది ఇస్తే ఏడాది, ఆరు నెలలు ఇస్తే ఆరు నెలలు, రెండు చేతులా పట్టుకోవాలని ఉంది. చెప్పకుండా ఊరుకోవాలనే ఉంది, నిజం చెప్పాలంటే. కుర్చీలో కూర్చుని పావుగంటసేపు ఊరుకుంది కూడా.

తర్వాత లేచింది. "ఆ వేరు ఒంట్లో ఉండగా మాత్ర వేసుకుని నాకేదైనా అయిందనుకో. తప్పు ఆ మాత్రదని రాసుకుంటారు. నా వెనకాల ఇదే జబ్బుతో వచ్చేవాళ్ళకి ఆ మాత్ర అందకుండా పోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు చెయ్యని పని ఇప్పుడు చెయ్యమంటావా? ఒకరిది తెచ్చి ఇంకొకరి పెట్టెలో పడెయ్యమంటావా?"

హోబర్ట్ ఫోన్ తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఇవెట్‌కి అంతా దాచకుండా చెప్పింది. తిడుతుందనుకుంది డ్రీమా. "మీరు చెప్పినందుకు నేను మీకు రుణపడి ఉన్నాను," అంది ఇవెట్. "బుధవారం ఇవ్వలేను. ఆఖరిసారి తాగిన రోజు నుంచి లెక్క మళ్ళీ మొదలు. పద్నాలుగు రోజులయ్యాక మళ్ళీ రక్తం తీస్తాం, లివర్ లెక్క గీత దాటకుండా ఉండాలి. అన్నీ బావుండి, అప్పటికి చోటు మిగిలి ఉంటే మీదే. కానీ మీ పేరు మీద అట్టేపెట్టడానికి నాకు అధికారం లేదు."

"మిగులుతుందా?"

"నాకు తెలీదు డ్రీమా గారూ."

"సరే. ఇవాళ శుక్రవారం. పై పై శుక్రవారం తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటాను."

"ఇంకొక్క మాట. ఆ వేరు కొంచెం తీసుకురండి. మా ఫార్మసిస్టు చూడాలి. ఎంత వేస్తారో, ఎలా కాస్తారో తెలిసినవాళ్ళు వస్తే మరీ మంచిది."

అసలు కష్టం అక్కడే వచ్చిపడింది. మర్నాడు పొద్దున గార్నెట్ ఫ్లాస్కుతో గట్టు దిగేసరికి డ్రీమా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అమ్మా, ఇవాళ్టి నుంచి అది తాగకూడదు."

"ఎవరన్నారు?"

"ఆస్పత్రి వాళ్ళు. నేనే చెప్పాను."

గార్నెట్ ముఖం గట్టిపడిపోయింది. ఫ్లాస్కు మెట్టు మీద ఠక్కున పెట్టింది. "చెప్పావా? నా వేరు సంగతి వాళ్ళకి చెప్పావా? ఎంతసేపు నవ్వారు?"

"నవ్వలేదమ్మా."

"ఫోన్లో నవ్వితే నీకేం కనిపిస్తుందే? అంటే ఇప్పుడేమంటారు, నీ కడుపులో గడ్డలు నా వేరు వల్లే వచ్చాయంటారా? మందిచ్చి నోరంతా పుండు చేసింది వాళ్ళు! నీ గొంతులో నీళ్ళు దిగేట్టు చేసింది నేను!"

"ఆ మాట ఎవరన్నారే అమ్మా! కాస్త వింటావా? మాత్ర లోపలికి వెళ్ళాక లివర్ దాన్ని కొంచెం కొంచెంగా కరిగించి బయటికి పంపాలి. నీ వేరు ఆ పని జరగనివ్వదట. మాత్ర ఒంట్లోనే పేరుకుపోయి నన్నే తినేస్తుంది. నీ వేరు పనికిమాలినదైతే వాళ్ళెందుకు భయపడతారు? దానికి బలముందనే వాళ్ళ భయం."

గార్నెట్ కళ్ళు చికిలించి కూతురి వంక చూసింది. "బలముందన్నారా?"

"పేరుపెట్టి పుస్తకంలో రాశారు. వేరు పట్టుకుని నిన్ను రమ్మన్నారు."

"నేను రాను. ఒకసారి నవ్వించుకున్నది చాలు నాకు," అని ఫ్లాస్కు తీసుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది. ఎక్కుతూ ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆదివారం ఆమె దిగిరాలేదు. ఇద్దరి ఇళ్ళ మధ్యనున్న యాభై గజాలు ఆ రోజు యాభై మైళ్ళయ్యాయి. చర్చికి కూడా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. డ్రీమాకి వేరు మానడం కష్టం కాలేదు గానీ, పొద్దున్నే ఆ అడుగుల చప్పుడు లేకపోవడం మాత్రం తట్టుకోలేకపోయింది. నాలుగో రోజున ఏడవడానికి సిద్ధంగా ఉండగా మెట్లమీద చప్పుడైంది. గార్నెట్ అదే ఫ్లాస్కుతో వచ్చింది. రెండు గ్లాసులు తీసి రెంటిలోనూ పోసింది. డ్రీమా మూతి బిగించుకుంది.

"వేణ్ణీళ్ళే. భయపడకు," అంది గార్నెట్. తన గ్లాసు ఎత్తి గటగటా తాగింది. "ఫ్లాస్కు సోడా వేసి మూడుసార్లు కడిగాను. గిన్నె కూడా కొత్తదే. నువ్వు తాగకపోతే నేనూ తాగను. ఎన్నాళ్ళు?"

"ఇంకా పది రోజులు."

"పది రోజులకేనా ఇంత గోల?" అంది గార్నెట్. ఎనభై ఏళ్ళ అలవాటు మానుకున్న మనిషి అంది ఆ మాట.

ఆ పది రోజులూ గార్నెట్ కాపలా కాసినట్టే కాసింది. కూతురు ఏం తిన్నా గిన్నెలోకి తొంగిచూసింది. చర్చివాళ్ళు ఎవరో జామ్ తెచ్చిస్తే, "ఇందులో ఏముందో రాసివ్వు, లేకపోతే తీసుకుపో," అంది వాళ్ళ ముఖం మీదే. ఎనిమిదో రోజున ఇవెట్ ఫోన్ చేసింది. రెండు చోట్లలో ఒకటి ఎక్కడో ఇంకో ఆస్పత్రిలో నిండిపోయింది. మిగిలింది ఒక్కటి. డ్రీమా సరేనని ఫోన్ పెట్టేసి, వసారాలోకి వెళ్ళి, ఆ గూళ్ళలో కాగితాలన్నీ మళ్ళీ ఒకసారి తీసి చూసి, కొత్తగా వచ్చినవి ఏమైనా ఉన్నాయేమోనని లైబ్రరీకి బయల్దేరింది. ఒక్కటే చోటున్నప్పుడు ఊరికే కూర్చుని దేవుణ్ణి విసిగించడం ఆమె పద్ధతి కాదు. కొత్తవి రెండు దొరికాయి. వాటినీ గూట్లో పెట్టింది.

పద్నాలుగో రోజుకి ముందు రోజంతా వాన. శుక్రవారం తెల్లవారుజామున వాగు పొంగి కింది వంతెన మీదికి ఎక్కింది. హోబర్ట్ బండి ఆపి, నీళ్ళ వంక చూసి బూతులు మొదలుపెట్టాడు. "దిగు," అంది డ్రీమా. తను స్టీరింగ్ ముందుకి మారింది. వెనక సీట్లో గార్నెట్, ఆదివారం కోటు వేసుకుని, ఒళ్ళో రొట్టె సంచీ, సంచీలో వేళ్ళు. వస్తానని ఎవరికీ చెప్పలేదు. బండి తీసేసరికి అందులో కూర్చుని ఉంది.

డ్రీమా బండి వెనక్కి తిప్పి, కొండ వీపు మీదుగా పోయే మట్టిదారి పట్టింది. నాలుగువందల పన్నెండు పెట్టెల్లో పదిహేడు ఆ దారిలోనే ఉన్నాయి. ఎక్కడ కొండ జారుతుందో, ఎక్కడ గట్టి నేలుందో ఆమెకి ఆ పెట్టెల పేర్లతో తెలుసు. పాతవాళ్ళ పెట్టె దాటాక ఎడమకి, నీలం పెట్టె దగ్గర నెమ్మదిగా. హోబర్ట్ పైన పిడి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇరవై ఆరేళ్ళు గనిలోకి దిగాను గానీ ఇంత భయం వెయ్యలేదే," అన్నాడు. "కళ్ళు మూసుకునే ఉండు, అందగాడిలా ఉన్నావు," అంది డ్రీమా. పది గంటలకి ఆస్పత్రి గుమ్మంలో ఉన్నారు.

రక్తం తీసుకున్నారు. ఫలితం రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. ఆ రెండు గంటల్లో ఇవెట్ ఒక చిన్న గదిలోకి వాళ్ళని తీసుకెళ్ళింది. ఫార్మసిస్టు కూడా వచ్చాడు, కుర్రాడు. అతన్ని చూడగానే గార్నెట్ సంచీ మూతి బిగించి పట్టుకుంది. యాభై నాలుగేళ్ళ కిందటి గది గుర్తొచ్చిందని డ్రీమాకి అర్థమైంది. తల్లి చెయ్యి పట్టుకుందామనుకుంది గానీ, గార్నెట్ పట్టుకోనివ్వలేదు.

ఇవెట్ కలం తీసింది. "అమ్మా, మీరే కాస్తారట కదా. వేరు ఎప్పుడు తవ్వుతారు?"

గార్నెట్ వాళ్ళిద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది. నవ్వు ఎక్కడైనా దాగుందేమోనని వెతుకుతున్నట్టు చూసింది. కుర్రాడు సంచీ వంక చూసి, "నేనొకసారి చూడచ్చా అమ్మా?" అన్నాడు. సంచీ విప్పింది. అతను ఒక ముక్క తీసి విరిచి, పసుపచ్చని లోపలి భాగం వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇంత మంచి వేరు నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు మెల్లగా.

"ఆకు రాలాక తవ్వాలి," అంది గార్నెట్. "అంతకుముందు తవ్వితే సారముండదు."

"ఒక్క నిమిషం. నెమ్మదిగా చెప్పండి. నేను రాసుకుంటున్నాను," అంది ఇవెట్.

గార్నెట్ చెప్పింది. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత ఆగకుండా. ఎన్ని చెంచాలు, ఎంత నీరు, ఎంతసేపు మరగాలి, పసిపిల్లలకి ఎంత, కడుపుతో ఉన్నవాళ్ళకి ఎందుకివ్వకూడదు. ఇవెట్ కలం ఆగలేదు. మూడు పేజీలు నిండాయి. మధ్యలో ఒకసారి గార్నెట్ కోటు చేతితో కళ్ళు తుడుచుకుని, వాన తడి అని చెప్పింది. గది లోపల వానేంటని ఎవరూ అడగలేదు.

పన్నెండున్నరకి ఫలితం వచ్చింది. లివర్ లెక్క గీతకి లోపలే ఉంది. ఇవెట్ బయటికెళ్ళి ఫోన్ చేసి, చాలాసేపటికి తిరిగొచ్చింది. గుమ్మంలో ఆమె ముఖం చూడగానే హోబర్ట్ లేచి నిలబడ్డాడు.

"ఆ చోటు ఇంకా ఉంది. ఇప్పుడు మీ పేరు రాయించేశాను," అంది.

మొదటి మాత్ర నర్సు కళ్ళెదురుగానే వేసుకోవాలట. ఇవెట్ ఒక చిన్న కాగితపు గిన్నెలో మాత్రలు తెచ్చి, మళ్ళీ ఆ పొడుగాటి జాబితా తీసింది. "నియమం ప్రకారం అడగాలి, ఏమీ అనుకోకండి. ఈ పద్నాలుగు రోజుల్లో మందులు, విటమిన్లు, మూలికలు, కషాయాలు, ఇంకేమైనా..."

"ఏమీ లేవు," అంది గార్నెట్ కూతురికంటే ముందే. "నేను చూశాను. నన్ను సాక్షిగా రాసుకో."

ఇవెట్ రాసుకుంది. మంచినీళ్ళు తేవడానికి లేవబోయింది. ఈలోపు గార్నెట్ కోటు కిందనుంచి ఫ్లాస్కు తీసి మూత తిప్పింది. ఆ మూతలోకి పోసి కూతురి చేతికిచ్చింది. ఇవెట్ చెయ్యి గాల్లో ఆగింది.

"అందులో ఏముందమ్మా?"

"నీళ్ళు," అంది గార్నెట్. "కావాలంటే నువ్వు ముందు తాగి చూడు."

ఇవెట్ నిజంగానే మూత అందుకుని ఒక గుక్క తాగింది. తర్వాత డ్రీమా మాత్రలు నోట్లో వేసుకుని, తల్లి పోసిన ఆ గోరువెచ్చటి నీళ్ళతో మింగేసింది.